ఆఖరి కుర్చీ

మా అబ్బాజాన్‌కి పత్తేలంటే పడదు. కర్నూలులో ఒక బక్రీద్ సెలవుల్లో మామూ కొడుకులు మా ఇంటి అరుగు మీద రమ్మీ వేస్తుంటే, అస్ర్ నమాజ్ చదివి వచ్చిన అబ్బాజాన్ ఒక్క మాట కూడా అనలేదు. చెప్పులు విడిచారు. ముక్కలన్నీ పోగేశారు. లోపలికి తీసుకెళ్ళి పొయ్యిలో పెట్టి వచ్చి, "చాయ్ తాగుతార్రా?" అని అడిగారు. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ పేక ముట్టుకోలేదు.

అందుకే మూడేళ్ళ కిందట ఇక్కడ, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో, మావాడి స్కూలు బ్యాగులోంచి వంద ముక్కల కట్ట ఒకటి జారి పడినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ పొయ్యే. మావాడికీ ఆ కథ తెలుసు. నా చేతిలో కట్ట చూసి, "కాల్చేస్తావా అబ్బా?" అన్నాడు. మాది కరెంటు పొయ్యి. నవ్వొచ్చింది. గుస్సా సగం అక్కడే పోయింది.

ఆ ఆట పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. పేరు వినగానే మా బేగం "జాదూనా? అస్తగ్‌ఫిరుల్లా!" అంది. కార్డుల మీద దయ్యాలు, డ్రాగన్లు, కొమ్ములున్న షైతాన్లు. నమాజ్ చదివే గదిలోకి ఆ కట్ట రాకూడదని ఆమె పెట్టిన షరతు ఇప్పటికీ నడుస్తోంది. నా అనుమానం వేరు. ఇందులో జూదం ఉందా?

తవ్వి చూస్తే, ఉండేది. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే గణిత శాస్త్రజ్ఞుడు అల్లిన ఆట ఇది. 1993లో బయటికి వచ్చింది. మొదట్లో ఒక రూలు ఉండేది. ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ కట్టలోంచి చూడకుండా ఒక్కో కార్డు తీసి పక్కన పెట్టాలి. గెలిచినవాడు రెండూ పట్టుకుపోతాడు. మన భాషలో చెప్పాలంటే సాఫ్ కిమార్. అది జనానికి నచ్చలేదు. కంపెనీ మెల్లగా వదిలేసింది. ఆ పందెం మీద ఆధారపడిన కార్డులు టోర్నమెంట్లలో చాలాకాలంగా నిషేధం. మౌలానా గారిని అడిగితే ఆయన తిరిగి మూడు ప్రశ్నలు వేశారు. పందెం ఉందా? నమాజ్ పోతోందా? డబ్బు ఇస్రాఫ్ అవుతోందా? షత్రంజ్ మీదే మన ఇమాముల మధ్య ఇఖ్తిలాఫ్ ఉంది కదా, దీని మీద నాచేత ఫత్వా రాయించకు బాబూ అన్నారు.

ఆ మూడు ప్రశ్నలతోనే మేం ఇంట్లో ఖానూన్ రాసుకున్నాం. లోపల ఏముందో తెలియని సీలు ప్యాకెట్లు కొనకూడదు. ఏ కార్డు కావాలో అదే విడిగా కొనుక్కోవాలి. అందరి ఎంట్రీ ఫీజు పోగేసి గెలిచినవాడికిచ్చే పోటీలకు వెళ్ళకూడదు. శుక్రవారం సాయంత్రాలు కార్డుల షాపులో ఊరికే ఆడే బల్లల దగ్గర మాత్రం కూర్చోవచ్చు. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు, కారు నేను తోలాలి. వాడు ఆడుతుంటే మూడు గంటలు గోడకానుకుని ఫోన్ చూసుకోవడం విసుగు. ఒకరోజు నాలుగో మనిషి రాలేదు. "కూర్చో అబ్బా, నేర్పిస్తా" అన్నాడు. అదీ నేను చెడిపోయిన వైనం.

నాలుగో మనిషి కావడానికి కారణం ఉంది. మావాడు ఆడే పద్ధతిని కమాండర్ అంటారు. ముందు ఇద్దరిద్దరు ఆడే ఆటే ఇది. అలాస్కాలో కొందరు ఆటగాళ్ళు తమ కోసం వేరే పద్ధతి కల్పించుకున్నారు, అది పాకింది, 2011 నుంచి కంపెనీ దానికోసమే కట్టలు అమ్ముతోంది. ఒక్కొక్కరికి వంద కార్డులు. మామూలు నేలకార్డులు తప్పిస్తే ఏదీ రెండుసార్లు ఉండకూడదు. ఒక సర్దార్ కార్డు ముందు కూర్చుంటుంది. తలా నలభై ప్రాణాలు. బల్ల చుట్టూ నలుగురు. ఎవరికి వారే, జట్లు లేవు.

మధ్యలో ఒక మాట. ఈ ఆటకి మొదటి కొత్త కార్డుల సెట్టు 1993 డిసెంబరులోనే వచ్చింది. అదంతా మన అలిఫ్ లైలా. అలాద్దీన్ ఉన్నాడు, అలీ బాబా ఉన్నాడు, బగ్దాద్ బజారు ఉంది. షహరాజాద్ పేరుతో ఒక కార్డు ఉంది. దాన్ని వేస్తే ఉన్న ఆట ఆపి, దాని లోపల ఇంకో ఆట ఆడాలి, కథలో కథ లాగా! ఎంత ఖూబ్‌సూరత్ ఆలోచన! కానీ ఆట తెమలదని దాన్నీ నిషేధించారు. అదే సెట్టులో "జిహాద్" అనే కార్డు కూడా ఉండేది. 2020లో కంపెనీ జాతి విద్వేషం పేరుతో ఏడు కార్డులను తీసేసినప్పుడు అదీ పోయింది, "క్రూసేడ్" అనే కార్డూ పోయింది. ఆ ఏడింటిలో ఒకదాని పేరు "ప్రదేశ్ జిప్సీస్". ఆంధ్రప్రదేశ్‌వాణ్ణి, నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఇక అసలు సంగతికి వస్తా. నలుగురి ఆటలో లెక్క ఇద్దరి ఆటలాంటిది కాదు. ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఇద్దరు ఆడుతున్నప్పుడు నువ్వొక కార్డు వేస్తే, నేనొక కార్డుతో దాన్ని రద్దు చేశానంటే చెరొకటి పోయింది, చెల్లు. నలుగురు ఉన్నప్పుడు అదే పని చేస్తే నీది ఒకటి పోయింది, నాది ఒకటి పోయింది, పక్కన కూర్చున్న ఇద్దరివీ ఏమీ పోలేదు. మనిద్దరం కొట్టుకుని వాళ్ళని దౌలత్‌మంద్ చేశాం. అందుకే బాగా ఆడేవాళ్ళు చేతిలో ఆయుధం ఉన్నా తీయరు. పక్కవాడు తీస్తాడేమోనని చూస్తారు.

రిస్టిక్ స్టడీ అని ఒక కార్డుంది. అది నా ముందుంటే, మీలో ఎవరు ఏ కార్డు వేసినా నాకు ఒక కొత్త కార్డు వస్తుంది. మీరు ఒక్క చిల్లర మానా అదనంగా కడితే రాదు. మానా అంటే కార్డు వేయడానికి కట్టే ఖర్చనుకోండి. ముగ్గురూ ప్రతిసారీ కడితే నాకేమీ దక్కదు. కానీ ఎవరి తొందర వాళ్ళది. "ఈ ఒక్కసారికేలే" అని ఒకరు కట్టరు, ఆయన కట్టనప్పుడు నేనెందుకు కట్టాలి అని ఇంకొకరు కట్టరు. నాలుగు చుట్లు తిరిగేసరికి నా చేతిలో పన్నెండు కార్డులుంటాయి. ముగ్గురూ కలిసి నన్ను గెలిపించి, తప్పు ఎవరిదని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

మాటలివ్వడం కూడా నడుస్తుంది. "ఈసారి నన్ను కొట్టకు, వచ్చేసారి నిన్ను కొట్టను" అని బల్ల మీదే బేరాలు. ఆ వాదా నిలబెట్టాలని రూల్సు పుస్తకంలో ఎక్కడా లేదు. మాట తప్పినవాడికి శిక్ష లేదు. వచ్చే శుక్రవారం వాడి మాట ఎవరూ నమ్మరు, అంతే. మావాడు ఒకసారి మాట తప్పి గెలిచాడు. ఆ రాత్రి నేనేమీ అనలేదు కానీ వాళ్ళమ్మకు చెప్పాను. వారం రోజులు ఆమె అన్నం పెడుతూ "ఈసారి కూర వేస్తానని వాదా, నమ్ముతావా?" అని అడిగేది.

మొన్న అక్టోబరులో ఒక శుక్రవారం. షాపు బయట కార్ల మధ్య దుప్పటి పరిచి మగ్రిబ్ చదివాం. తర్వాత బల్ల దగ్గర నలుగురం కూర్చున్నాం. కాలేజీ కుర్రాడొకడు, వాడి ఎడమవైపు మావాడు, తర్వాత రిటైరైన పోస్ట్‌మన్ ఒకాయన, ఆఖర్న నేను. ఆట ఎడమవైపుకి తిరుగుతుంది కాబట్టి ఆ కుర్రాడికి కుడిపక్కన ఉన్నవాణ్ణి నేను.

ఎనిమిది దాటాక జేబులో ఫోన్ కదిలింది. మా నలుగురు తోబుట్టువుల వాట్సాప్ గ్రూపు. కర్నూలు నుంచి ఛోటే. అక్కడ ఫజ్ర్ అయి కాసేపయి ఉంటుంది. "అమ్మీ బాత్రూములో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. సోమవారం ఆపరేషన్. తర్వాత ఆరు వారాలు రాత్రింబగళ్ళు పక్కన మనిషి ఉండాలన్నారు."

చదివాను. గుండె దడదడలాడింది. నిజం. బడే భాయ్ జెద్దాలో లేచి ఉంటాడు, ఆయన మాట్లాడాక మాట్లాడదాం అనుకున్నాను. అదీ నిజమే. ఫోన్ జేబులో పెట్టేశాను. ఎవరూ చూడలేదు.

ఆటలో కుర్రాడి వంతు వచ్చింది. థాసాస్ ఒరాకిల్ అనే కార్డు వేశాడు. అది బల్ల మీదికి రాగానే ఒక ప్రశ్న వేస్తుంది: నీ కట్టలో మిగిలిన కార్డులు ఇన్నిటికి మించకుండా ఉన్నాయా? మించకపోతే నువ్వే గెలిచావు. ఆ ప్రశ్న ఇంకా తేలకముందే డెమానిక్ కన్సల్టేషన్ వేశాడు. కట్టలో లేని కార్డు పేరొకటి చెబితే చాలు, దాన్ని వెతుకుతూ వెతుకుతూ కట్ట మొత్తం ఊడ్చుకుపోతుంది. కట్ట ఖాళీ, ప్రశ్నకి జవాబు "అవును", ఆట ముగిసింది. రెండు కార్డులు, మూడు మానా. ఈ ఆటలో గట్టివాళ్ళు గెలిచే దారుల్లో బాగా తెలిసిన దారి ఇది.

ఇలాంటప్పుడు ఏం జరుగుతుందంటే, కార్డు వేసినవాడి ఎడమవైపు నుంచి ఒక్కొక్కరినీ అడుగుతారు: నువ్వేమైనా చేస్తావా? "లేదు, పాస్" అంటే పక్కవాడి దగ్గరకు వెళ్తుంది. అందరూ పాస్ అంటే కార్డు పారుతుంది, ముగ్గురూ ఓడిపోతారు. ఏ ఒక్కడు ఆపినా ముగ్గురూ బతుకుతారు.

మావాడు చేతిలో కార్డులు ఒకసారి సర్దుకుని "పాస్" అన్నాడు. పోస్ట్‌మన్ గారు కళ్ళద్దాలు తుడుచుకుని "పాస్" అన్నారు. ముగ్గురూ నా వైపు చూశారు.

నా దగ్గర ఫోర్స్ ఆఫ్ విల్ ఉంది. మానా కట్టే పని లేకుండానే ఎదుటివాడి కార్డుని రద్దు చేస్తుంది, కానీ దానికి బదులు ఒక ప్రాణం పోతుంది, చేతిలోంచి ఇంకో నీలం కార్డు ఆటలోంచి తీసేయాలి. అంటే వాడి ఒక్క కార్డు ఆపడానికి నావి రెండు పోతాయి. వేశాను. నా తర్వాత ఎవరూ లేరు, వేయకపోతే అందరం పోయేవాళ్ళం. కన్సల్టేషన్ ఆగిపోయింది. కుర్రాడు భుజాలు ఎగరేసి వంతు ముగించాడు.

తర్వాత వంతు మావాడిది. వాడు కూడా సరిగ్గా అదే జంట తీశాడు. పోస్ట్‌మన్ గారు ఈసారి ఆపబోయారు. ఉంది మరి, ఆయన దగ్గర! మావాడు ఫోర్స్ ఆఫ్ విల్ తీసి ఆయన్ని ఆపేశాడు. నా చేతిలో రెండు నేలకార్డులున్నాయి. ఆట అయిపోయింది.

కారులో అడిగాను. "నీ దగ్గర ముందు నుంచీ ఉందా అది?"

"ఉంది."

"మరి పాస్ అన్నావే? నా దగ్గర లేకపోయుంటే?"

"నీ దగ్గర ఉంటుందని తెలుసు అబ్బా."

"ఎట్లా?"

"నీ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. పైగా ఆఖర్న కూర్చున్నవాడికి వేరే దారుండదు. వాడే కట్టాలి. అది నీ తప్పేం కాదు. కుర్చీ అట్లాంటిది."

ఈ ఎత్తుగడకి వాళ్ళ భాషలో పేరు కూడా ఉందట. తన వంతు వచ్చినా, తన దగ్గర ఉన్నా, లేనట్టు నటించి ఆఖరివాడి మీదకి తోసెయ్యడం. నాకు కోపం రాలేదు. వాడు బాగా ఆడాడు. కానీ చెప్పకుండా ఉండలేకపోయాను. "మనకిది వెయ్యేళ్ళకు పైగా తెలుసు బేటా. ఫర్జ్-ఎ-కిఫాయా అంటారు."

వాడికి సండే స్కూలులో చెప్పారు. "జనాజా నమాజ్ లాగా. కొంతమంది చదివితే అందరి బాధ్యతా తీరుతుంది. ఎవరూ చదవకపోతే అందరికీ గునా."

"అదే. గుంపులోకి వచ్చి ఎవరైనా సలామ్ చెబితే ఒక్కరు జవాబిచ్చినా చాలంటారు కదా, అట్లా. నువ్వు చేసిందేమిటంటే, వేరేవాళ్ళు చదువుతారులే అని జనాజా బయట నిలబడి సిగరెట్ తాగడం."

నవ్వాడు. కాసేపు బయటికి చూశాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాడు: "దాదీ ఖిద్మత్ కిఫాయానా, ఐనా?"

వాడికి మెసేజ్ సంగతి తెలుసు. షాపులో ఉండగానే వాళ్ళమ్మ వాడికి చెప్పింది. ఆమెకి ఛోటే దుల్హన్ ఫోన్ చేసిందట. నేను ఎప్పుడు చెబుతానా అని మూడు గంటల నుంచీ చూస్తున్నాడు వాడు.

ఐన్ అంటే ఒక్కొక్కరి మీదా విడివిడిగా ఉండే ఫర్జ్. రోజా లాగా, ఐదు పూటల నమాజ్ లాగా. మీ అన్న ఉంటే మీ రోజా తీరదు. అమ్మానాన్నల హక్ సంతానంలో ఒక్కరితో తీరిపోతుందని ఏ మౌలానా చెప్పగా నేను వినలేదు. నాకు జవాబు తెలుసు. అయినా, "సిగ్నల్ పడింది, ఆగు" అన్నాను. పడలేదు.

ఇంటి ముందు కారు ఆపి ఫోన్ తీశాను. బడే భాయ్: "యా అల్లాహ్ రహమ్ కర్. తవాఫ్‌కి వెళ్ళినప్పుడు ఖాస్ దువా చేస్తా." బెంగళూరు నుంచి ఆపా: నాలుగు ఏడుపు బొమ్మలు, "ఖర్చు ఎంతైనా నాకు చెప్పండి." ఇద్దరూ వస్తామనలేదు, రామనీ అనలేదు. నా పేరు పక్కన రెండు నీలం టిక్కులు, అంతే.

మా ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడాకే చిన్నవాళ్ళు మాట్లాడాలి. తెహజీబ్ అది. బడే భాయ్, ఆపా, నేను, ఛోటే. వరసలో అడుగుతూ వెళ్తే ఆఖరి కుర్చీ ఎప్పుడూ ఛోటేదే. అబ్బాజాన్ పోయే ముందు రెండేళ్ళు మంచం మీద ఉన్నప్పుడూ వాడే. నేను జనాజాకి కూడా అందలేదు, మూడోరోజు జియారత్‌కి చేరాను. డబ్బు పంపడంలో మేం ముగ్గురం ఎన్నడూ వెనకాడలేదు, అది చెప్పుకోవాలి. కానీ డబ్బు మా చేతిలో మిగులు కార్డు. అర్ధరాత్రి అమ్మీని పక్కకి తిప్పి పడుకోబెట్టడానికి, బెడ్‌పాన్ పెట్టడానికి కావాల్సిన కార్డులు వేరే. అవి ఛోటే చేతిలోంచి, వాడికన్నా ఎక్కువగా ఛోటే దుల్హన్ చేతిలోంచి పోతున్నాయి. ఆమె గవర్నమెంటు స్కూల్లో టీచరు. ఉన్న సెలవులన్నీ అబ్బాజాన్‌కే అయిపోయాయి.

పైగా మేం ఎంత బాగా ఆడామంటే, వాడి దగ్గర ఎప్పుడూ ఉంటుందని మాకు తెలుసు. మావాడన్న మాటే. "ఛోటే ఉన్నాడుగా" అని బడే భాయ్ ఎన్నిసార్లు అన్నాడో, నేనెన్నిసార్లు మనసులో అనుకున్నానో!

ఇంత తెలిశాక కూడా కారులోంచి వెంటనే దిగలేదు, అబద్ధం చెప్పను. జనవరిలో ఆఫీసులో పెద్ద రిలీజు ఉంది. సెలవు మూడు వారాలే మిగిలింది, మిగతా మూడు జీతం లేకుండా. మేనేజరు మొహం కళ్ళ ముందు కనిపించింది. బడే భాయ్‌కి ఫోన్ చేసి "మూడు వారాలు మీరు, మూడు వారాలు నేను" అని బేరం పెడదామా అనుకున్నాను. పెడితే ఆయన ఆలోచిస్తానంటాడు, ఆపాని అడగమంటాడు, సోమవారం వెళ్ళిపోతుంది. పక్క సీట్లో మావాడు సీట్‌బెల్టు తీయకుండా కూర్చుని ఉన్నాడు.

ఛోటేకి ఫోన్ చేశాను. వాడు ఆస్పత్రి వరండాలో ఉన్నాడు.

"నేను వస్తున్నా. ఆరు వారాలూ ఉంటా. రాత్రి డ్యూటీ నాది."

అటువైపు చప్పుడు లేదు. స్ట్రెచర్ చక్రాల మోత వినిపించింది. తర్వాత దుల్హన్ గొంతు, ఫోన్ ఆమె తీసుకుంది. "అస్సలాము అలైకుమ్ భాయ్‌జాన్. మీరు వస్తామనడం ఇది మూడోసారి. అబ్బాజాన్‌కప్పుడు రెండుసార్లు అన్నారు. నేను స్కూల్లో సెలవు రాసిచ్చి, మళ్ళీ వెళ్ళి చించేసుకొచ్చాను." గొంతులో గుస్సా లేదు. లెక్క చెబుతున్నట్టు చెప్పింది. "అమ్మీకి ఇప్పుడే చెప్పను. ఏమనుకోకండి."

ఛోటే మళ్ళీ ఫోన్ తీసుకుని మెల్లగా అన్నాడు. "భాయ్‌జాన్, టికెట్ ఫొటో పెట్టు. అప్పుడు చెబుతాం."

ఆ రాత్రి టికెట్ కొన్నాను. డాలస్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి రోడ్డు మీద కర్నూలు. ఆదివారం బయలుదేరితే ఆపరేషన్‌కి అందను, మర్నాడు తెల్లారేసరికి చేరతాను. ఫొటో తీసి గ్రూపులోనే పెట్టాను, బడే భాయ్, ఆపా కూడా చూసేట్టు. అది కొంచెం కావాలనే చేశాను, అల్లాహ్ మాఫ్ చేయాలి.

ఇర్వింగ్‌లో అర్ధరాత్రి దాటింది. నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఛోటే దగ్గర నుంచి ఒక్క లైను: "అమ్మీ అడుగుతోంది, అక్కడ చలి మొదలైందా, స్వెటర్ తెచ్చుకోమంటోంది."